కాగితములనుండి లేచిన యూనిక్స్

ఇంటి అటకమీద తాళపత్రగ్రంథమొకటి దొరికినదనుకొనుడు. ఆకులను పురుగు తినియుండవచ్చును, అక్షరములు మాసియుండవచ్చును. అయినను లిపి తెలిసిన పండితుడు భూతద్దము చేతపట్టి కూర్చున్నచో అందలి విషయము కొంతవరకైనను బయటపడును. అదే అటకమీద యాభై ఏండ్లనాటి కంప్యూటరు టేపు దొరికినచో సంగతి వేరు. ఎంత పరీక్షించి చూచినను గోధుమరంగు పట్టీ తప్ప మరేమియు కన్పింపదు. దానిని చదువుటకు ఒక యంత్రము కావలెను. చదివిన అంకెలను గ్రహించి వాటి ప్రకారము పనిచేయుటకు మరొక యంత్రము కావలెను. ఆ రెండింటి తయారీయు నిలిచిపోయి దశాబ్దములు గడచినవి. గ్రంథమునకు చదువరి చాలును. ప్రోగ్రామునకు చదువరియు, యంత్రమును, ఉభయమును కావలెను.

ఈ చిక్కు ఊహించి చెప్పినది కాదు. నేడు బ్యాంకుల సర్వరులలోను, చేతి ఫోనులలోను పనిచేయుచున్న ఆపరేటింగు సిస్టములలో పెక్కింటికి మూలపురుషుని వంటిది యూనిక్స్. దాని మొదటి ముద్రణ 1971 నాటిది. కొన్ని ఏండ్లకే అది వాడుకనుండి తప్పుకొనెను. నడిపించి చూతమన్నను పూర్తి ప్రతి ఎవరివద్దను లేకపోయెను. అట్టి ప్రోగ్రాము 2008లో తిరిగి నడచెను. దానిని నడిపించినది ప్రభుత్వము కాదు, కంపెనీయు కాదు. పాత కంప్యూటర్లయందు మక్కువ గలిగి తీరికవేళలలో శ్రమించిన కొందరు ఔత్సాహికులు. వారికి లభించిన ముఖ్యమైన ఆధారము ఒక కాగితముల కట్ట.

మూలనపడిన యంత్రముతో ఆరంభము

1960లలో కంప్యూటరు వాడదలచినవారు సాధారణముగా కార్డులపై రంధ్రములు పొడిపించి, ఆ కార్డుల కట్టను యంత్రశాలలో అప్పగించి, ఫలితమునకై గంటలకొలది వేచియుండెడివారు. ఒకే యంత్రమును పలువురు ఒకే కాలమున, ఎవరి టైపు పరికరమువద్ద వారు కూర్చుండి వాడుకొను ఏర్పాటు చేయుటకై పెద్ద ప్రయత్నములు జరిగినవి. వాటిలో ఒకటి మల్టిక్స్. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, బెల్ టెలిఫోను ప్రయోగశాలలు కలిసి దానిని చేపట్టినవి. పని నానాటికి పెరుగుచు ఆలస్యమగుటచే 1969లో బెల్ ప్రయోగశాలలు దానినుండి తప్పుకొనినవి.

ఆ పనిలో పాల్గొన్న కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారికి చేతిలోని పనిముట్టు జారిపోయినట్లయ్యెను. క్రొత్త యంత్రము కొనుడని వారు కోరగా పైవారు అంగీకరింపలేదు. అప్పుడు థాంప్సన్‌కు, ఎవరును అంతగా వాడక మూలనపడియున్న పి.డి.పి-7 అను చిన్న యంత్రము కంటబడెను. అది అప్పటికే పాతబడినది. 18 బిట్లు గల పదములు 8,192 మాత్రమే దాని స్మృతిలో పట్టును. గ్రహములమధ్య సంచరించు ఆట నొకదానిని థాంప్సన్ ముందుగా దానిపై నడిపించెను. తరువాత 1969 వేసవిలో, భార్య కొన్ని వారములు ఊరికి వెళ్లగా, ఆ వ్యవధిలో నాలుగు పనులు ముగించెను. యంత్రమును అదుపులో నుంచు కెర్నెలు ఒకటి. టైపుచేసిన ఆదేశమును గ్రహించి ఆచరింపజేయు షెల్లు రెండవది. పాఠమును దిద్దుకొను ఎడిటరు మూడవది. మనిషి వ్రాసిన గుర్తులను యంత్రపు అంకెలుగా మార్చు అసెంబ్లరు నాలుగవది. యూనిక్స్ పుట్టుక ఇట్టిది. పనికిరాదని ఇతరులు విడిచిన పాత యంత్రముతో, ఎవరును పురమాయింపకయే, ఇష్టముకొలది చేసిన పనియే అది.

1970లో పి.డి.పి-11 అను క్రొత్త యంత్రము లభించెను. దాని స్మృతి 24 కిలోబైట్లు. అందులో 16 సిస్టమునకు, మిగిలిన 8 వాడుకరుల ప్రోగ్రాములకు. డిస్కు 512 కిలోబైట్లు. నేటి ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు సాధారణముగా ఆ స్మృతికి పెక్కింతల చోటు కావలెను. అంతటి ఇరుకులోనే బెల్ ప్రయోగశాలల పేటెంటు విభాగమువారు తమ దరఖాస్తులను టైపుచేసి దిద్దుకొనిరి. యూనిక్స్ మొదటి వివరణ పుస్తకముపై నున్న తేదీ 1971 నవంబరు 3.

నాటి వాడుకరి ఎదుట తెర లేదు, బొమ్మలు లేవు. టెలిటైపు అను విద్యుత్ టైపుయంత్రము మాత్రము ఉండెడిది. దాని మోడల్ 33 సెకనుకు 10 అక్షరములు కాగితముపై అచ్చొత్తును; 72 అక్షరముల పంక్తి పూర్తియగుటకు 7 సెకనులు దాటును. పొడుగాటి మాటలు టైపుచేయుటయు, పొడుగాటి జవాబులకై వేచియుండుటయు, రెండును విసుగు పుట్టించును. ఫైళ్ల జాబితాకు ఎల్‌ఎస్ అనియు, నకలు తీయుటకు సీపీ అనియు, తరలించుటకు ఎంవీ అనియు, తొలగించుటకు ఆర్‌ఎం అనియు రెండేసి అక్షరముల పేర్లు పెట్టుటలో ఈ పొదుపు కన్పించును. పని సవ్యముగా జరిగినచో నకలు, తరలింపు, తొలగింపు ఆదేశములు ఏమియు పలుకవు. తప్పు జరిగినప్పుడే నోరు విప్పును. టెలిటైపులు పోయినను ఈ ఆదేశములు పోలేదు. నేటి లైనక్స్ కంప్యూటరులో సైతము అవే రెండక్షరములు, అదే మౌనము.

ఒక ఉపాధ్యాయుని పుస్తకము

1974 జూలైలో థాంప్సన్, రిచీలు తమ సిస్టమును గూర్చి ఒక వ్యాసము ప్రకటింపగా విశ్వవిద్యాలయములనుండి కోర్కెలు వచ్చిపడినవి. బెల్ ప్రయోగశాలలకు యజమాని యగు ఏటీఅండ్‌టీ కంపెనీ 1956 నాటి ఒక న్యాయస్థానపు ఒప్పందము ననుసరించి టెలిఫోను వ్యాపారము తప్ప ఇతర వ్యాపారము చేయరాదు. అందుచే యూనిక్స్‌ను స్వల్ప రుసుముతో, మూలపాఠముతో సహా, విద్యాసంస్థలకు ఇచ్చెను. మూలపాఠమనగా మనుష్యులు చదువుకొనుటకు వీలుగా వ్రాసిన ప్రోగ్రాము.

ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరమందలి న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయములో జాన్ లయన్స్ అను అధ్యాపకుడు దీనిని చదివి ఒక విశేషము గ్రహించెను. ఆరవ ముద్రణ యొక్క కెర్నెలు సుమారు 9,000 పంక్తులు మాత్రమే. శ్రద్ధగల విద్యార్థి ఒక విద్యాసంవత్సరములో ఆసాంతము చదువగల పరిమాణమది. అంతవరకు విద్యార్థులు చదివినవి అభ్యాసమునకై వ్రాసిన చిన్నచిన్న ప్రోగ్రాములు. నిజముగా పనిచేయు ఒక పెద్ద ప్రోగ్రామును మొదటినుండి చివరవరకు చదువు అవకాశము వారికి అరుదు. లయన్స్ 1976లో మూలపాఠమును ఒక సంపుటముగాను, దానికి తాను వ్రాసిన వ్యాఖ్యానమును మరొక సంపుటముగాను తరగతికై సిద్ధపరచెను. కావ్యమునకు టీకవలె ఏ పంక్తి ఏమి చేయుచున్నదో, ఎందుకు చేయుచున్నదో అందు వివరింపబడినది.

ఆ పుస్తకమునకు మంచి రోజులు ఎంతోకాలము నిలువలేదు. 1979లో ఏడవ ముద్రణ వెలువడునప్పటికి కంపెనీ తన నిబంధనలను బిగించెను; మూలపాఠమును తరగతిలో బోధించుట నిషిద్ధమయ్యెను. అయినను లయన్స్ పుస్తకము చావలేదు. విద్యార్థులు దానికి నకలు తీసికొనిరి; ఆ నకలుకు మరొకరు నకలు తీసిరి. అక్షరములు మసకబారినను పుస్తకము దేశదేశముల చేతులు మారెను. 1996లో హక్కుదారుల అనుమతితో అది బహిరంగముగా అచ్చయ్యెను. లయన్స్ 1998లో మరణించెను.

అచ్చు కాగితముల కట్ట

లయన్స్ ధర్మమా యని ఆరవ ముద్రణ దక్కెను. దానికి ముందువాని గతి ఏమి? పి.డి.పి-11 యంత్రములు ఒక్కొక్కటిగా పాత ఇనుము క్రింద పోవుచుండెను. క్రొత్త ముద్రణ వచ్చిన వెంటనే పాతదానిని చెరిపి ఆ డిస్కును తిరిగి వాడుకొనుట నాటి అలవాటు, డిస్కులు ఖరీదైనవి. ఆస్ట్రేలియా వాసి వారెన్ టూమీ 1990లలో ఈ పాత ప్రతులను సేకరించుటకు పూనుకొని ఒక సంఘము నెలకొల్పెను. నేడది యూనిక్స్ హెరిటేజ్ సొసైటీ అను పేర ప్రసిద్ధము. ప్రతులు ఉన్నవారికి సైతము వాటిని పంచుకొను హక్కు లేకుండుట ఒక అడ్డంకి. సభ్యుల వినతులపై, అప్పటి హక్కుదారు యగు కంపెనీ 1998లో నూరు డాలర్లకు వ్యక్తిగత అనుమతి నిచ్చుటకు అంగీకరించెను. 2002 జనవరిలో, హక్కులు చేతులు మారిన పిదప, కాల్డెరా అను కంపెనీ పాత ముద్రణలను అందరికిని ఉచితముగా విడుదల చేసెను.

మొదటి ముద్రణ జాడ మాత్రము ఒక కాగితపు ప్రతిలో దొరికెను. 1972లో బెల్ ప్రయోగశాలలలో కొందరు ఇంజనీర్లు యూనిక్స్‌ను అధ్యయనము చేయుచు, దాని కెర్నెలును అసెంబ్లీ భాషలో నున్నది నున్నట్లు అచ్చుతీసి, వివరణలతో ఒక పత్రముగా కూర్చిరి. అది స్కానుచేయబడి ఔత్సాహికుల చేతికి వచ్చెను. అక్షరములను గుర్తించు సాధనముతో పుటలను పాఠముగా మార్చవచ్చును గాని, మాసిన అచ్చులో 1 అంకెకును ఎల్ అక్షరమునకును, సున్నకును ఓ అక్షరమునకును భేదము తెలియుట కష్టము. పండితుడు పాఠభేదమును సరిచూచునట్లు స్వచ్ఛందసేవకులు పుటలు పంచుకొని, మూలముతో పోల్చి, దోషములు దిద్దిరి. కావ్యములో ఒక అక్షరము తప్పినచో పాఠకుడు సరిచేసికొని చదువుకొనును. ప్రోగ్రాములో ఒక్క అంకె తప్పినచో యంత్రము ఆగిపోవును. లేదా ఆగకయే తప్పుదారి పట్టును.

యంత్రములేని చోట యంత్రము

శుద్ధప్రతి సిద్ధమైనను దానిని నడుపుటకు పి.డి.పి-11/20 కావలెనుగదా. ఇందుకు వారు సిమ్యులేటరును ఆశ్రయించిరి. సిమ్యులేటరనగా ఒక కంప్యూటరు వలె నటించు ప్రోగ్రాము. పాత యంత్రములకు ఇట్టి ప్రతిరూపములను కల్పించు సిమ్హ్ అను ప్రోగ్రామును బాబ్ సప్నిక్ 1993లో ఆరంభించెను.

దాని పద్ధతి సులభముగా తెలియదగినదే. పి.డి.పి-11 ఆదేశమొకటి 16 బిట్ల సంఖ్య. దానిని అష్టాంశమానములో, అనగా 0 నుండి 7 వరకు గల అంకెలతో వ్రాయుట ఆచారము. 010001 అను సంఖ్యను చూడుడు. మొదటి 01 'తరలించు' అని తెలుపును. తరువాతి 00 సున్నయవ రిజిస్టరును, చివరి 01 ఒకటవ రిజిస్టరును సూచించును. సున్నయవ రిజిస్టరులోని విలువను ఒకటవదానిలో ఉంచుమని దీని అర్థము. సిమ్యులేటరు స్మృతినుండి ఒక సంఖ్యను తీసికొనును, ఈవిధముగా విడదీసి అర్థము గ్రహించును, చెప్పిన పని చేయును, తరువాతి సంఖ్యకు పోవును. లోపలి ప్రోగ్రామునకు తాను నిజమైన ఇనుప యంత్రముపై లేనని తెలియుటకు ఆధారమేమియు ఉండదు.

అయినను అడ్డంకులు రాకపోలేదు. పి.డి.పి-11/20కి గుణకార భాగహారముల ఆదేశములు లేవు. అందుకై ప్రత్యేకమైన అంగము నొకదానిని తగిలించుకొనవలెను. సిమ్హ్‌లో ఆ అంగపు ప్రతిరూపము లేనందున దానిని క్రొత్తగా చేర్చిరి. మరొక చిక్కు ఇంకను విచిత్రమైనది. కాగితములలో దొరికినది కెర్నెలు మాత్రమే; ఎల్‌ఎస్, సీపీ వంటి ఉపకరణములు అందులేవు. అవి రిచీ దాచియుంచిన పాత టేపులనుండి లభించెను గాని, అవి కొంచెము తరువాతి కాలమునకు చెందినవి. మొదటి ముద్రణలో ప్రోగ్రాము ఫైలు 405 అను అష్టాంశ సంఖ్యతో ఆరంభమగును. తరువాతివి 407 తో ఆరంభమగును. ఇవి వట్టి గుర్తులు కావు. ఫైలు ముందుభాగమున నున్న వివరపట్టికను దాటి అసలు ప్రోగ్రామునకు దుమికించు ఆదేశములే అవి. పట్టిక పొడుగు పెరుగగా దుముకు దూరమును పెరిగెను. కెర్నెలు రెండవ గుర్తును సైతము అంగీకరించునట్లు స్వల్పముగా సవరింపగా, ఒకదానికొకటి కొన్ని నెలల ఎడము గల రెండు భాగములు కలిసి పనిచేసెను. 2008లో మొదటి ముద్రణ కెర్నెలు తిరిగి లేచి, వాడుకరి పేరు చెప్పుమని అడిగెను.

నడిపించి చూచుటవలన తెలిసినది

కాగితము చదువుకొన్న చాలదా, నడిపింపనేల యని కొందరు అడుగవచ్చును. కాలగణన విషయము ఇందుకు సమాధానము చెప్పును. తొలి యూనిక్స్ గడియారము 1971 జనవరి 1 నుండి సెకనులో అరువదవ వంతుల లెక్కన కాలమును కొలిచెడిది. అమెరికాలో విద్యుత్ ప్రవాహము సెకనుకు 60 మారులు ఊగును. ఆ ఊగులనే యంత్రము లెక్కించెను. మన దేశములో అది 50. లెక్కకు కేటాయించినది 32 బిట్లు. అందు పట్టు సంఖ్యలు 429,49,67,296. దీనిని 60 చేతను, పిదప ఒక రోజులోని 86,400 సెకనుల చేతను భాగించినచో సుమారు 828 రోజులు వచ్చును. అనగా రెండుంబావు సంవత్సరములకే గడియారము నిండిపోవును. అందుచే గణన ఆరంభదినమును మార్చవలసి వచ్చెను; ఆ తరువాత 1970 జనవరి 1 నుండి సెకనులను లెక్కించు పద్ధతి స్థిరపడెను.

పాత టేపుమీది ఫైలు తేదీ ఏ ఆరంభదినమునుండి గణింపబడినదో తెలియనిచో చరిత్రకారుడు ఏడాదికి ఏడాది పొరబడును. ఆ ఫైలును, దానికి సమకాలికమైన కెర్నెలును కలిపి నడిపినప్పుడు ఇట్టి పొరపాటు పట్టుబడును. ఇది గతించిన సంగతి మాత్రమే కాదు. సెకనుల లెక్కను సంజ్ఞతో కూడిన 32 బిట్లలో నుంచిన యంత్రములకు 2038 జనవరి 19న ఇట్టి గండమే రానున్నది. ఆధునిక యంత్రములు 64 బిట్లకు మారినను, పాత పరికరములలో ఎక్కడెక్కడ ఆ లెక్క దాగియున్నదో వెదకుట నేటి ఇంజనీర్ల పని.

2016లో ఔత్సాహికులు ఇంకను వెనుకకు పోయిరి. పి.డి.పి-7 నాటి యూనిక్స్ యొక్క అచ్చుప్రతులు ఒకరివద్ద ఉండగా వాటిని స్కానుచేసిరి. వాటిని మార్చుటకు తగిన అసెంబ్లరును వారే వ్రాసికొనిరి. దొరకని భాగములను దొరికినవాటి తీరును బట్టి పూరించిరి. అది సిమ్యులేటరుపై నడచెను. 2019లో అమెరికాలోని సియాటిల్ నగరపు లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియములో నిజమైన పి.డి.పి-7 యంత్రముపైనను నడచెను. పాత కంప్యూటర్లను అద్దాల వెనుక నుంచక పనిచేయు స్థితిలో చూపించిన మ్యూజియమది. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు అది మూతపడెను. తిరిగి తెరువబోమని 2024లో ప్రకటన వెలువడెను. వస్తువులు పెక్కు వేలమునకు వచ్చినవి.

ఈ వరుసలో యంత్రము అరిగిపోయెను, కంపెనీ చేతులు మారెను, మ్యూజియము మూతపడెను. మిగిలినది ఏది? పలువురివద్ద నున్న నకలులు, వాటిని చదివి నడిపింపగలిగినవారి జ్ఞానము. లయన్స్ పుస్తకమును నిలిపినవి విద్యార్థుల మసక నకలులు. మొదటి కెర్నెలును నిలిపినది ఒక అధ్యయనమునకై తీసిన అచ్చు. భద్రపరచుమని ఎవరును వారికి చెప్పలేదు, చదువుకొనుటకై దాచుకొనిరి. సిమ్హ్ సిమ్యులేటరును, ఈ పాత యూనిక్స్ ప్రతులును నేడు ఉచితముగా లభించుచున్నవి. పాఠశాలలోని సాధారణ కంప్యూటరు వానికి చాలును. 1970ల నాటి ఎల్‌ఎస్ అను ఆదేశమును విద్యార్థి స్వయముగా టైపుచేసి జవాబు చూడవచ్చును. సిస్టము మొత్తము చిన్నది గనుక, ఆ జవాబు ఎట్లు వచ్చినదో మూలపాఠములో పంక్తి పంక్తిగా వెదకి తెలిసికొనవచ్చును.

యూనిక్స్ పుట్టిన 1969లోనే మన దేశములో ట్రాంబే అణుకేంద్రమువారు టి.డి.సి-12 అను కంప్యూటరును రూపొందించిరి. ఆ వరుసలోని టి.డి.సి-312, టి.డి.సి-316 యంత్రములను 1970లలో హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌వారు తయారుచేసిరి. వాటిపై పనిచేసినవారు నేడు విశ్రాంతజీవులు. అట్టివారి అలమారలో పాత అచ్చుప్రతిగాని, పంచ్ టేపుగాని, చేతివ్రాత పుస్తకముగాని ఉన్నచో, అది చిత్తుకాగితముల బేరగానికి పోకముందే ఎవరైనను అడిగి చూడవలెను. పుటలు ఫోటో తీసి, యంత్రము పేరును, సంవత్సరమును వ్రాసియుంచి, ఒకటికి రెండు చోట్ల దాచుట ఉన్నత పాఠశాల విద్యార్థి చేయగల పని.